తడి ఊళ్ళో కూలరు

రష్త్
ఉర్దీబెహెష్త్ నెల, వాన పడుతున్న మధ్యాహ్నం

మూనిస్ అక్కకి,

సలాం. బతికే ఉన్నాను, కాకపోతే నానిపోయి ఉన్నాను. ఈ ఊరొచ్చి రెండు నెలలు కావస్తోంది. ఉప్పుడబ్బా బోర్లించి కొట్టినా ఉప్పు రాలదు. అగ్గిపుల్ల గీస్తే మెత్తగా వంగుతుంది గానీ అంటుకోదు. ఉతికిన చొక్కా తీగ మీదే కాపురం పెట్టేసింది. రొట్టె సంగతి అడగకు. మన యజ్ద్ రొట్టె విరిస్తే చప్పుడవుతుంది, ఇక్కడిది పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. అదీ ఎప్పుడో గాని దొరకదు. పొద్దున్నే అన్నం తింటారక్కా వీళ్ళు! పొద్దున్నే, అన్నం, చేపతో!

నీ మరదలు మాత్రం పదేళ్ళు చిన్నదైపోయింది. నిద్ర లేస్తూనే కిటికీ తెరిచి వాన చూసి నవ్వుతుంది. ముప్పై ఏళ్ళు నా ఊళ్ళో ఉంది కదా, మిల్లులో నా ఉద్యోగం అయిపోయాక తన ఊళ్ళో ఉందామని పెళ్ళినాడు ఇచ్చిన మాట. ఇచ్చేటప్పుడు నేను కుర్రాణ్ణి, ముప్పై ఏళ్ళు గడుస్తాయని ఎవడనుకున్నాడు!

మొన్న భోజనాల దగ్గర నోరు జారాను. "నావల్ల కాదు తూరాన్, నా ఎముకలకి నాచు పడుతోంది" అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టి, "ఏముంటే నీవల్ల అవుతుంది, చెప్పు" అంది. నాకేం తోచక, "మనింటి కూలరు బిగించి ఒక్క గది చల్లబరచాలి. యజ్ద్‌లో పడుకున్నట్టు మధ్యాహ్నం హాయిగా పడుకోగలిగితే ఉంటాను. వేసవి మొత్తంలో ఒక్క రోజైనా అలా కుదరకపోతే ఎండలు తగ్గే మెహెర్ నెలకల్లా మూటాముల్లె సర్దుకుని వెనక్కి పోదాం" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. చెయ్యి చాపి, "సరే, పందెం" అంది. చేతులు కలిపాం.

కూలరు ఇక్కడే ఉంది. సామానుతో పాటు లారీలో పరుపుల మీద ఎక్కించి తెచ్చుకున్నాను, నువ్వు నవ్వుతావని నీకు చెప్పలేదు. చిక్కల్లా ఒక్కటే. దాన్ని విప్పి కడిగి బిగించే పని ఏటా నీదే. నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. ఏది ముందు, ఏది వెనక, విడమరచి రాయి. ఫోన్లో వద్దు, ఫోనున్న కొట్టు ముందు నిలబడి నేను అరిస్తే వీధంతా వింటుంది.

మేడ మీద మా వాటా ఎవరికీ ఇవ్వకు. వచ్చేస్తాం.

నీ తమ్ముడు
ఇనాయత్


యజ్ద్
ఖుర్దాద్ నెల మొదలు, ఎండ ముదురుతోంది

ఒరేయ్ ఇనాయత్,

నిచ్చెన పట్టుకున్నావా? నువ్వు పట్టుకున్నది టీ గ్లాసు. నిచ్చెనకి ఆనుకుని నిలబడి, "అక్కా, జాగ్రత్త" అని ఒకసారి, "అక్కా, చక్కెర ఎక్కడుంది" అని ఒకసారి అనేవాడివి. పోనీలే, ఇప్పటికైనా స్క్రూడ్రైవరు పట్టుకుంటున్నావు.

నువ్వు నా తమ్ముడివి కాకపోతే నా క్లాసులో వెనక బెంచీ మీద నిలబెట్టేదాన్ని. ఆడపిల్లల బళ్ళో అన్నేళ్ళు సైన్సు చెప్పాను, ఇంట్లో పిల్లాడికి ఒక్క ముక్క ఎక్కలేదు. కూలర్లో చల్లదనం ఎక్కణ్ణించి వస్తుందిరా? గడ్డి మీద పడ్డ నీళ్ళు ఆరిపోతుంటే వస్తుంది. మన ఊరి గాలి దాహంతో ఉంటుంది, నీళ్ళు కనిపిస్తే చాలు తాగేస్తుంది. మీ ఊరి గాలి పీకల దాకా తాగి ఉంది. దానికి ఇంకో గ్లాసు ఇస్తే తాగుతుందా? నీ చొక్కాలు ఆరని ఊళ్ళో నీ కూలరు ఎలా చల్లబరుస్తుందనుకున్నావు?

అయినా చెప్తాను. ఎందుకు చెప్తున్నానో కూడా చెప్తాను, దాపరికం నాకు చేతకాదు. నువ్వు కష్టపడి అన్నీ సరిగ్గా చెయ్యాలి, అయినా అది పనిచెయ్యకూడదు, నువ్వు వచ్చెయ్యాలి. మేడ మీద అడుగుల చప్పుడు లేక ఇల్లు ఇల్లులా లేదు. కొత్తగా బదిలీ అయి వచ్చిన లెక్కల టీచరమ్మ ఆ వాటా అడుగుతోంది. చూద్దాం చూద్దాం అంటున్నాను.

ఇక విను. ముందు కరెంటు తీసెయ్యి. ఇది మర్చిపోతే తక్కినవి చదవక్కర్లేదు. మూడు వైపులా ఉన్న రేకు తలుపులు పైకెత్తి లాగితే ఊడి వస్తాయి. వాటిలో ఉన్న పాత గడ్డి మొత్తం పీకి పారెయ్యి, మళ్ళీ వాడదామని చూడకు. అడుగున తొట్టిలో తెల్లగా సున్నం కట్టి ఉంటుంది. వెనిగర్ పోసి ఒక పూట నానబెట్టి చెక్కముక్కతో గీకు, ఇనుపది వాడకు, తొట్టికి చిల్లు పడుతుంది. పైనుంచి గడ్డి మీదికి నీళ్ళు దించే సన్నటి గొట్టాలున్నాయే, వాటి బెజ్జాల్లో తీగ పోసి శుభ్రం చెయ్యి. అవి ప్లాస్టిక్కువి, నీ కోపానికి తట్టుకోవు. పంపు అడుగున జల్లెడ విప్పి కడుగు. ఇంతవరకు చేసి రాయి. మిగతాది తర్వాత.

తూరాన్‌ని అడిగానని చెప్పు.

మూనిస్


రష్త్
ఖుర్దాద్ నెల చివర, ఇవాళ కూడా వానే

అక్కా,

గొట్టం ఒకటి విరిగింది. అది కోపంతో కాదు, ప్రేమగా పట్టుకున్నా విరిగింది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాను.

ఇక్కడ మిద్దెలు లేవని నీకు తెలుసా? అన్నీ ఏటవాలు రేకు కప్పులు, పిల్లి కూడా ఆలోచించి ఎక్కుతుంది. అందుకని కూలరుని పై అంతస్తు వసారాలో వీధివైపు నిలబెట్టాను. అక్కడే నా పరువు పోయింది.

మన ఊళ్ళో మగాడు మిద్దె ఎక్కితే ముందు గట్టిగా "యా అల్లాహ్" అని కేకెయ్యాలి కదా, చుట్టుపక్కల పెరళ్ళలో ఆడవాళ్ళు తలగుడ్డ సర్దుకోవాలని. అలవాటు చొప్పున వసారా తలుపు తీసి గొంతెత్తి "యా అల్లాహ్!" అన్నాను. వీధి వీధంతా ఆగిపోయింది. ఎదురింటి వసారాలో అగ్దస్ అనే ఆవిడ వెల్లుల్లి వలుస్తోంది. తలెత్తి చూసి, "రండి రండి, తలుపు తీసే ఉంది, టీ పెడుతున్నా!" అంది. ఇక్కడ ఆ కేక గుమ్మంలో అడుగుపెట్టే చుట్టమే వేస్తాడట. నేను మేడ మీద నిలబడి ఎవరింటికో చుట్టరికానికి వస్తున్నట్టు ప్రకటించానన్నమాట. వెనక్కి తగ్గుదామంటే ఆవిడ నిజంగానే టీ కాచే సమోవర్ వెలిగించేసింది. వాళ్ళాయన సఫర్ కింద నుంచి, "దిగి రావయ్యా అల్లుడుగారూ, పిలవకుండా వస్తానన్నవాడివి, పిలిచాక రావా?" అన్నాడు. తూరాన్ పుట్టిన వీధి కదా, నేను వీధి మొత్తానికి అల్లుణ్ణి. వెళ్ళి టీ తాగి వచ్చాను. సున్నం గీకే పని ఆ పూట సాగలేదు.

నాలుక మీద అలవాటు పోదు కదా, మర్నాడు మళ్ళీ అరిచాను. ఈసారి మూడిళ్ళ నుంచి "రండి రండి" అన్నారు. ఇప్పుడు నేను తలుపు గడియ తీస్తే చాలు, నాకంటే ముందు వాళ్ళే అరుస్తున్నారు.

తొట్టిలో సున్నం అరచెయ్యంత మందాన పెచ్చులుగా వచ్చింది. మన ఊరి నీళ్ళ సున్నం. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, నవ్వుకో. పంపు శుభ్రం చేశాను. బెల్టు వదులుగా ఉందని మోటారు వెనక్కి లాగి బిర్రుగా బిగించాను. స్విచ్ వేస్తే ఒక కీచు వచ్చింది చూడూ, పక్క వీధిలో బాతులు ఎగిరాయట. సఫర్ వచ్చి, "అల్లుడుగారూ, లోపల ఎవర్ని బంధించారు?" అన్నాడు.

తూరాన్ కింద మెట్ల మీద కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆవిడ భుజాలు ఎలా కదులుతాయో నీకు తెలుసుగా, అలా కదిలాయి.

ఇనాయత్


యజ్ద్
తీర్ నెల, వీధిలో కాకి లేదు

ఒరేయ్ చుట్టమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మసీదు వెనక వీధి బతూల్‌కి చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నవ్వి గ్లాసు ఒలకబోసుకుంది. మన ఇంటి మర్యాద కాస్పియన్ సముద్రం దాకా పాకించావు, సంతోషం.

బెల్టు వాద్యం కాదు, బిర్రుగా బిగించడానికి. మధ్యలో వేలితో నొక్కితే రెండు వేళ్ళ మందం లోపలికి వెళ్ళాలి. అంతకంటే బిగిస్తే కీచుమంటుంది, మోటారు అరిగిపోతుంది. వదులైతే జారిపోతుంది. పంకా ఇరుసుకి రెండు చివర్లా చిన్న మూతలున్నాయి, వాటిలో నూనె చుక్కలు వెయ్యి. వంటనూనె కాదు, కుట్టుమిషన్ నూనె. ఇది రాయక్కర్లేదనుకున్నాను గానీ నిన్ను తలుచుకుని రాస్తున్నాను. తర్వాత కొత్త గడ్డి. సన్నగా చిత్రిక పట్టిన చెక్కపీచు మెత్తలు బజార్లో దొరుకుతాయి. ఒకసారి తడిపి, నీళ్ళు కారనిచ్చి, ఆ తర్వాత రేకు తలుపుల్లో పెట్టు. చివరగా, గదిలో ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచు, లోపలి గాలి బయటికి పోవాలి.

ఇప్పుడు ఒక అనుమానం. తూరాన్ ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు పేకాటలో నా చేతిలో ఒక్కసారైనా ఓడిన మనిషి కాదు. కూలరంటే ఏమిటో ఆవిడకి తెలుసు, తన ఊరి గాలి ఏమిటో ఇంకా బాగా తెలుసు. గెలవని పందానికి చెయ్యి ఎందుకు చాపింది? నువ్వు ఆలోచించవులే, నేనే ఆలోచిస్తాను.

మీ వాటాకి సున్నం వేయించాను. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మధ్యాహ్నం ఎండకి నేలమాళిగలోకి దిగి ఒక్కదాన్నే భోంచేస్తుంటే చెంచా చప్పుడు చాలా పెద్దగా వినిపిస్తోంది. త్వరగా పందెం గెలిచి వచ్చెయ్యరా.

మూనిస్


రష్త్
తీర్ నెల చివర, ఉక్క

అక్కా,

కూలరు నడిచింది. నడిచింది అంటే తిరిగింది. బెల్టు అరవలేదు, పంపు నీళ్ళు ఎత్తింది, గొట్టాలన్నీ సమానంగా కారాయి. సైకిల్ ట్యూబు కూడా నిలబడింది. నీకు శిష్యుణ్ణి అనిపించుకున్నాను.

గది మాత్రం... ఎలా చెప్పను. తడి తువ్వాలు మొహం మీద వేసుకుని ఎవరో పక్కన కూర్చుని ఊదుతున్నట్టుంది. గంటలో గోడకి వేలాడే కేలెండరు చుట్టుకుపోయింది. తివాచీ తొక్కితే చల్లగా ఉంది, అది మంచి చల్లదనం కాదు. తూరాన్ జుట్టు మాత్రం రింగులు తిరిగి పెళ్ళినాటి ఫొటోలోలా అయింది. ఆవిడ అద్దంలో చూసుకుని "ఇంకాసేపు ఉంచు" అంది.

ఇంకో సంగతి. ఈ బజార్లో చెక్కపీచు దొరకలేదు. అడిగితే, "దేనికి, కోడిపెట్టకా?" అన్నారు. సఫర్ విని, "గడ్డేగా! ఊరంతా గడ్డే కదయ్యా" అని భుజం మీద వరిగడ్డి మోపు తెచ్చాడు. మంచి మనసుతో తెచ్చినవాడికి వద్దని ఎలా చెప్పను! కూరి పెట్టాను. వారం తిరక్కుండా మొలకలొచ్చాయి. గడ్డిలో ధాన్యం మిగిలి ఉందట. మూడు వైపులా పచ్చగా వేలెడు మొలకలు, మధ్యలో పంకా. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. సఫర్ ఇంటింటికీ చెప్పాడు: "మా అల్లుడు వసారాలో నాట్లు వేశాడు, కోతలకి కూలీలు కావాలట." నిన్న ఒకాయన నిజంగా కొడవలి పట్టుకుని వచ్చి సలాం చేశాడు. నేను కూడా మొహం సీరియస్‌గా పెట్టి, "ఇంకా గింజ పాలు పోసుకోలేదు, మొహర్రం తర్వాత రండి" అన్నాను. మా వీధిలో ఆ మాట ఇప్పుడు అందరి నోటా నడుస్తోంది.

అగ్దస్ కాల్చిన వంకాయా వెల్లుల్లీ కలిపి ఒక కూర చేస్తుంది. మొదటి ముద్దకి తల తిరుగుతుంది, రెండో ముద్దకి రొట్టె గుర్తుకు రాదు. సఫర్‌తో సాయంత్రాలు పాచికలాట. ఇప్పటికి ఎక్కువ ఆటలు నేనే గెలిచాను. నువ్వు పంపిన మిఠాయి ఇక్కడికి వచ్చేసరికి మెత్తబడింది, అయినా వీధివాళ్ళు డబ్బా నాకి పంపారు.

ఉంటాను, సఫర్ కింద నుంచి పిలుస్తున్నాడు.

ఇనాయత్


యజ్ద్
మొర్దాద్ నెల, వడగాలి

ఇనాయత్,

"మా వీధిలో" అని రాశావు. మొదటి ఉత్తరంలో "వీళ్ళు" అన్నావు. రెండోదాంట్లో "ఇక్కడ" అన్నావు. ఇప్పుడు "మా వీధి". ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్ని, నా కంటికి ఇలాంటివి ముందు కనిపిస్తాయి. మేడ మీది వాటా గురించి ఈసారి అడగనే లేదు. సున్నం వేయించానని రాస్తే దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

కూలర్లో వరి పండించిన మొదటివాడివి నువ్వే. బతూల్‌కి చెప్తే నమ్మలేదు. నీ వరి కోసి నాకో పిడికెడు పంపు, పొద్దున్నే చేపతో తింటాను.

నవ్వించావు. కానీ ఈ ఉత్తరంలో ఎక్కువ నవ్వలేను, విను. నా కూలరు పంకా ఆగిపోతే నిన్న మిద్దె ఎక్కాను. బెల్టు తెగింది, అంతే. మార్చాను. మార్చాక వెంటనే దిగలేదు. నీ కూలరు ఉండే చోట దిమ్మె ఖాళీగా ఉంది. దాని మీద కూర్చున్నాను. ఎండ తగ్గేదాకా కూర్చున్నాను. నువ్వు టీ గ్లాసుతో కింద నిలబడి అడ్డమైన ప్రశ్నలు వేస్తుంటే విసుక్కునేదాన్ని కదా. ఎవరూ ఏమీ అడక్కుండా పని చెయ్యడం ఎంత చప్పగా ఉంటుందో నిన్న తెలిసింది.

నువ్వు రావాలని ఉందిరా. హాస్యానికి కాదు. మా ఆయన పోయాక ఈ ఇంట్లో మీరిద్దరూ ఉన్నారన్న ధైర్యంతోనే బతికాను. పందెం నువ్వు కట్టావు, షరతు నువ్వు పెట్టావు, గది చల్లబడలేదని నువ్వే రాశావు. లెక్కల టీచరమ్మకి షహ్రీవర్ నెల చివరిలోగా అవునో కాదో చెప్పాలి. ఏం చెప్పమంటావో రాయి.

మూనిస్


రష్త్
షహ్రీవర్ నెల మొదలు

మూనిస్ వదినకి,

మీ తమ్ముడికి తెలియకుండా రాస్తున్నాను. ఆయన సఫర్ ఇంట్లో పాచికల్లో ఓడిపోతున్నాడు. ఎక్కువ ఆటలు తనే గెలిచానని మీకు రాసి ఉంటాడు, నమ్మకండి.

మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆయన సరిగ్గా తినడం లేదు. వసారాలోకి వెళ్తాడు, కూలరు స్విచ్ వేస్తాడు, తీస్తాడు, లోపలికి వస్తాడు. "యా అల్లాహ్" అనడం కూడా మానేశాడు. వీధివాళ్ళు నన్నడుగుతున్నారు, అల్లుడికి జ్వరమా అని.

గెలవని పందెం ఎందుకు కట్టానో మీరు ఆలోచిస్తానన్నారట. మీకెందుకు శ్రమ, నేనే చెప్తాను. అది మీ దగ్గర నేర్చుకున్నదే. పెళ్ళై మీ ఊరొచ్చిన కొత్తలో మీ మాట సగం అర్థమయ్యేది కాదు నాకు. ఎత్తైన మట్టిగోడలు, మూసిన తలుపులు, వీధిలో మనిషి మొహం కనిపించేది కాదు. గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఒకరోజు మీరొచ్చి, "ఏడవడం తర్వాత, ముందు బకెట్ పట్టుకుని పైకి రా, కూలరు కడగాలి" అన్నారు. మీకు నా సాయం అక్కర్లేదు. నేను మీ పనికి అడ్డమే వచ్చాను, బకెట్ కూడా తన్నేశాను. కానీ మిద్దె మీద నన్ను చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూశారు. ఒకావిడ "ఎవరీ అమ్మాయి" అంది, ఇంకొకావిడ దానిమ్మ గింజలు పళ్ళెంలో పెట్టి గోడ మీంచి అందించింది. సాయంత్రం కిందికి దిగేసరికి నాకు ఊళ్ళో మనుషులున్నారు.

గదిలో కూర్చుంటే ఏ ఊరూ మనదవదు వదినా. నలుగురికీ కనిపించే చోట ఒక చేతకాని పని చెయ్యాలి. అందుకే ఆయన కూలరు అనగానే చెయ్యి చాపాను. అది చల్లబరచదని నాకు తెలుసు. వీధి మాత్రం ఊరుకోదని కూడా తెలుసు.

ఇప్పుడు నా సంగతి. పందెంలో నేను ఓడిపోయాను, మాట మాటే. ఆయన నా మాట కోసం ఇంత దూరం వచ్చాడు, నేను నా మాట తప్పను. పెట్టెలు కిందికి దించాను. మీరు రమ్మంటే మెహెర్ నెలలో వచ్చేస్తాం. మీరు ఒంటరిగా ఉన్నారని నాకు దిగులే, మీ కంటే నాకు ఆ ఊళ్ళో ఎవరు ఎక్కువ? నాకు బాధ లేదని మాత్రం రాయను, మీరు అబద్ధాలు పట్టేస్తారు. ఈ వాన వదిలి మళ్ళీ వెళ్ళాలని తలుచుకుని, తెరిచిన పెట్టె మళ్ళీ మూసేస్తున్నాను.

నేను రాశానని ఆయనకి చెప్పకండి.

మీ మరదలు
తూరాన్


రష్త్
షహ్రీవర్ నెల, పదిహేను దాటింది

అక్కా,

ఒక విశేషం రాస్తున్నాను, కూర్చుని చదువు.

కూలరు పనిచేసింది. అవును, పనిచేసింది. వరి మొలకలన్నీ పీకేసి, నువ్వు చెప్పినట్టే అన్నీ మళ్ళీ మొదటి నుంచి చేశాను. కిటికీ కొంచెం తెరిచి ఉంచమన్నావు, అంతకు ముందు పూర్తిగా తెరిచానన్నమాట, తప్పంతా అక్కడే ఉంది. మొన్న మధ్యాహ్నం స్విచ్ వేసి పడుకున్నాను. ఏం చల్లదనమక్కా! యజ్ద్‌లో కూడా ఎరగం. కాసేపటికి దుప్పటి కప్పుకున్నాను. ఇంకాసేపటికి తూరాన్ కూడా దుప్పటి అడిగింది. సఫర్ చూడ్డానికి వచ్చి గుమ్మంలోనే వణికిపోయి కోటు కోసం ఇంటికి పరిగెత్తాడు. గాలి ఆ రోజు ఎందుకో బాగా పొడిగా వీచింది. బహుశా పర్వతాల అవతలి నుంచి వచ్చి ఉంటుంది.

షరతు నేను పెట్టిందే కదా. ఒక్క రోజైనా హాయిగా పడుకోగలిగితే ఉంటానన్నాను. పడుకున్నాను. పందెం ఓడిపోయాను. ఏం చేస్తాం, మాటంటే మాటే. మన నాన్న మనకి నేర్పింది అదే.

లెక్కల టీచరమ్మకి ఏం చెప్పాలో నువ్వే చూడు. నువ్వు ఎలా చెప్తే అలా.

నా మీద కోపం వస్తే ఉత్తరంలో రాయి, మౌనంగా మాత్రం ఉండకు.

ఇనాయత్


యజ్ద్
షహ్రీవర్ నెల చివర, సాయంకాలాలు చల్లబడ్డాయి

ఒరేయ్ తమ్ముడూ,

కూర్చునే చదివాను. చదివి లేచి, సమోవర్ మీద కేటిల్ పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చాను. టీ దిగేదాకా ఏడ్చాను. తర్వాత టీ పోసుకుని రెండోసారి చదివాను. సఫర్ కోటు కోసం పరిగెత్తాడన్న చోట నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి రావడంతో ముక్కులోకి టీ పోయింది. నీ వల్ల ఎప్పుడూ ఇంతే.

నీకు అబద్ధం ఆడటం రాదురా. చిన్నప్పుడు పంచదార తిని మూతి తుడుచుకోకుండా వచ్చేవాడివి, ఇప్పుడూ అంతే. రష్త్‌లో పొడిగాలి వీచిందట, దుప్పటి కప్పుకున్నాడట! పిల్లల పేపర్లు ఎన్నో దిద్దాను, ఇంత అడ్డగోలు జవాబు ఒక్కరూ రాయలేదు. ఒక్క ముక్క కూడా సైన్సుకి నిలవదు.

నిజం చెప్పాలంటే, అదే మాట రాద్దామని కాగితం తీశాను. "పనిచెయ్యలేదని నాకు తెలుసు, పందెం ప్రకారం వచ్చెయ్యి" అని రాస్తే చాలు, నువ్వు ఇంకో మాట అనకుండా పెట్టె పట్టుకుని బస్సెక్కుతావు, తూరాన్ నీ వెనకే ఎక్కుతుంది. ఇద్దరూ మేడ మీద ఉంటారు, నాకు అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఇష్టంగా వేసిన అడుగులది కాదని నాకు తెలుస్తూనే ఉంటుంది. అందుకని రాయలేదు. నువ్వు నా ముందు అబద్ధం ఆడావంటే ఆ వీధి మీద ఎంత మనసుపడి ఉంటావో అర్థమైంది. నీ జవాబుకి నూటికి నూరు వేశాను. జీవితంలో మొదటిసారి తప్పు జవాబుకి మార్కులు వేశాను, ఈ సంగతి ఎక్కడా చెప్పకు.

కాబట్టి నీ కూలరు పనిచేసింది. నేనూ అలాగే చెప్తున్నాను. బతూల్‌కి చెప్పాను. లెక్కల టీచరమ్మకీ చెప్పాను, మా తమ్ముడు రష్త్‌లో మధ్యాహ్నం వణుకుతున్నాడు, ఇక రాడు అని. ఆవిడ లెక్కల మనిషి కదా, నమ్మనట్టు చూసింది, అయినా శుక్రవారం సామాను దింపుకుంది. నడక బరువుగానే ఉంది ఆవిడది, మేడ మీద తిరుగుతుంటే కింద గ్లాసులు అదురుతున్నాయి. బాగుంది.

అలాగని నాకు దిగులు లేదని అనుకోకు. ఉంది. నువ్వు దూరంగా ఉన్నావన్న దిగులు పోదు, అది నేను పడతాను. తూరాన్‌కి వేరే ఉత్తరం రాయడం లేదు, ఇదే గట్టిగా చదివి వినిపించు. దించిన పెట్టెలు మళ్ళీ పైన పెట్టమని చెప్పు. పెట్టెల సంగతి నాకెలా తెలుసని అడక్కు, నేను సైన్సు టీచర్ని. దానికి చెప్పు, బకెట్ తన్నిన పిల్ల ఇంత తెలివైనదవుతుందని ఆ రోజే అనుకున్నానని.

ఆబాన్ నెలలో మీ దగ్గరికి వస్తున్నాను. బళ్ళో పని అయిపోయినదాన్ని, నన్నెవరు ఆపుతారు. నెల రోజులుంటాను. వీధి మొత్తానికి అల్లుడి అక్కని, వీధంతా టీ పెట్టాలి. ఆ వంకాయ కూర రెండో ముద్ద దాకా తింటాను. సఫర్‌తో పాచికలు నేనూ ఆడతాను, మన కుటుంబం పరువు కాస్త నిలబెట్టాలి.

ఒక్కటే మనవి. నేను ఉన్నన్నాళ్ళూ ఆ కూలరు ఆపేసి ఉంచు. ఈ వయసులో నాకు అంత చలి పడదు.

మీ
మూనిస్